తాడ్వాయిలో దిగని అవ్వ

సస్పెన్స్ నవలల నుంచి తీసిన పాత రేడియో నాటకాలంటే నాకు ప్రాణం. హంతకుడెవరో ముందే చెప్పేయడం నా దుర్గుణం. అందుకే మా ఆవిడ నాతో కలిసి వినడం మానేసింది.

ఆ రోజు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే బస్సులో, ఎన్నోసార్లు విన్న నాటకమే ఫోన్లో మళ్లీ పెట్టాను. పక్కసీటులోని అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"గిది బీడీలు చేసుకుంట విన్నం బిడ్డా. ఆఖర్ల రేడియో సెల్లులు అయిపోయినయ్. వకీలే చంపిండని నేనంటే అందరు నన్ను చూసి నవ్విండ్రు."

అంతలో ఆమె దిగాల్సిన తాడ్వాయి వచ్చింది. నాటకం ఇంకా మిగిలే ఉంది. చెప్పేద్దామని నోరు తెరిచాను.

"చెప్పకు! నా చెవులతోని నేనే వింట. ఆడోళ్లకు టికెట్ పైసల్లేవు గద, ఎల్లారెడ్డి దాక వస్త."

ఎంతో కష్టపడి నోరు మూసుకున్నాను. లింగంపేట దాటాక నాటకంలో వకీలు నేరం ఒప్పుకున్నాడు.

"నేనప్పుడే చెప్పిన గద!" అని అవ్వ లేచి నిలబడింది.

"ఏందవ్వా, సర్పంచ్‌గ గెలిచినవా?" అన్నాడు కండక్టర్.

"గంతకంటె పెద్దదే!"

ఎల్లారెడ్డిలో దిగి, తిరుగు బస్సు కోసం తలెత్తుకుని నడిచింది.

మర్నాడు మా ఆవిడ కూరగాయలు తరుగుతుంటే అదే నాటకం పెట్టాను.

"ఎవరు చంపిండ్రు?" అని అడిగింది.

"విను" అన్నాను.

కత్తిపీట పక్కకు జరిపి, నా దగ్గరికొచ్చి కూర్చుంది.