వాగ్దాన కార్డును షేరుకు అంటగట్టిన నన్ను దేవుడు విడిపించాడు

సహోదరులారా, సహోదరీలారా, ఇల్లందు గనిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే నేను మీ ముందు చెప్పబోయేది నా గొప్ప కాదు, నా సిగ్గు. అయినా దాచుకుంటే దేవునికి చెందవలసిన మహిమను దాచినట్టే గనుక చెబుతున్నాను.

నా భార్య మార్త టేకులపల్లి అవతల ఒక గూడెంలో అంగన్‌వాడీ టీచర్. బస్సు దిగి మట్టి దారిలో నడిచీ నడిచీ ఆమె కుడి మోకాలు అరిగిపోయింది, ఆపరేషన్ చేయాలని ఖమ్మంలో డాక్టర్ చెప్పాడు, దానికోసం ఇద్దరం డబ్బు దాచాం. ఆ రోజుల్లోనే నేను ఫోన్‌లో షేర్లు కొనడం మొదలుపెట్టాను. ధర పెరిగిన రోజు పాటలు పాడేవాణ్ణి, తగ్గిన రోజు కూరలో ఉప్పు లేదని ఆమె మీద విరుచుకుపడేవాణ్ణి.

కొత్త సంవత్సరపు ఆరాధనలో అందరిలాగే నేనూ బైబిలు వచనం రాసున్న వాగ్దాన కార్డు ఒకటి తీశాను. పడినవాణ్ణి లేవనెత్తుతాడన్న మాట వచ్చింది. నేను కొన్న షేరు అప్పటికే రెండు నెలలుగా పడిపోతోంది. చూడండి నా బుద్ధి, దేవుడు ఆ షేరు గురించే మాట్లాడాడని ఖాయం చేసుకొని, మార్తకు చెప్పకుండా మోకాలి డబ్బంతా అందులోనే పోశాను. అది ఇంకా పడింది. అమ్మితే అవిశ్వాసమని భయపడి పట్టుకొని కూర్చున్నాను, ఆపరేషన్ ఎప్పుడని ఆమె అడిగితే డాక్టర్ తేదీ ఇవ్వలేదని మూడుసార్లు అబద్ధం చెప్పాను.

ఒక ఉదయం డ్యూటీకి బయలుదేరుతుంటే వంటింట్లోంచి ఆమె ప్రార్థన వినపడింది. “ప్రభువా, నా మోకాలు గిట్లనే ఉన్నా మంచిదే, మా ఆయన మాత్రం గిట్ల ఉండొద్దు. ఫోన్ చూస్తే చాలు మొకం మారిపోతుంది. నా మనిషిని నాకు మళ్ల ఇయ్యి తండ్రీ.” చెప్పులు విడిచి వంటింట్లోకి వెళ్లాను. ఆమె కూర్చున్న స్టూలు పక్కన మోకరించి అంతా ఒప్పుకున్నాను. ఆమె యాకోబన్నను పిలవమన్నది.

యాకోబన్న మన సంఘ పెద్ద, గనిలో సర్వేయర్, షేర్ల చార్టులు చదవడం తెలిసినవాడు. నా మాటలన్నీ విని, “గా కార్డు మీద కంపెనీ పేరేమన్న రాసుందా తమ్మీ?” అన్నాడు. ఆయన చార్టు తెరిచి యాభై రోజుల సగటు ధర గీతను, దాని కిందే నడుస్తున్న నా షేరును, అది రెండుసార్లు పడి ఆగిన చోటును చూపించాడు. “గిది రేపటి సంగతి చెప్పదు తమ్మీ. ఇప్పటిదాక ఏం జరిగిందో చూపెడతది, అంతే.” ముగ్గురం ప్రార్థించాం. ధర ఆ ఆగిన చోటు కన్నా దిగితే అమ్మాలని, సగటు గీత పైన నిలబడితే తప్ప మళ్లీ కొనకూడదని కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

నాలుగో రోజు ధర ఆ చోటు కన్నా దిగింది. రాసుకున్నట్టే అమ్మేశాను, సగం డబ్బే తిరిగి వచ్చింది. వారం తిరగకముందే ఆ షేరు పైకి లేచింది, సహోదరులారా! మునుపటి నేనైతే తల బాదుకొని మళ్లీ కొనేవాణ్ణి. చార్టు చూశాను, ధర ఇంకా సగటు గీత కిందే ఉంది, ఫోన్ పక్కన పెట్టి అన్నం తిన్నాను.

ఆపరేషన్‌కు తక్కువ పడిన డబ్బుకు నా బండి అమ్మాను, ఇప్పుడు గనికి బస్సులో పోతున్నాను. ఆపరేషన్ అయింది, ఈ రోజు మార్త కర్ర లేకుండా వచ్చి ముందు వరుసలో కూర్చుంది. ఈ సాక్ష్యంలో నా అబద్ధాల సంగతి వదిలిపెట్టొద్దని చెప్పి పంపింది కూడా ఆమే. దేవునికే మహిమ.

మీలో ఎవరైనా మీ ఆశకు దేవుని పేరు పెట్టి పట్టుకొని వేలాడుతుంటే, ఆయనను నమ్మి ఈ రోజే నిజం ఒప్పుకోండి. నేను ఒప్పుకున్నప్పుడు పోయిన డబ్బు ఆయన తిరిగి ఇవ్వలేదు. నా భార్య ముఖంలోకి చూసే ధైర్యం ఇచ్చాడు.