గిద్దలూరు ఎండలో పగిలిన పంపు

2022 మే నెల. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా కోల్డ్ రూములు, పాల కేంద్రాల కూలింగ్ యంత్రాలు బాగుచేయడం నా వృత్తి. గిద్దలూరు దగ్గర పాలు చల్లబరిచే కేంద్రం నడుపుతున్న రమణమ్మ ఫోన్ చేసింది. అదే నెలలో రెండోసారి పంపు పగిలిందట. రైతులు పోసిన పాలన్నీ విరిగిపోయాయట.

వెళ్లి చూశాను. చిల్లర్‌లో చల్లబడిన నీటిని పాల ట్యాంకు చుట్టూ తిప్పే ఆ పంపు షెడ్డు బయట ఉంటుంది. దాని ఇనుప బాడీ సుత్తితో కొట్టినట్టు నిలువునా చీలింది.

"ఎవరు చేసినారో నాకు తెలుసన్నా," అంది రమణమ్మ. "ఖాదరే. వాడు సెలవు పెట్టిన రెండుసార్లూ ఇట్లనే అయింది. ఏదో చేసిపెట్టి పోతున్నాడు."

ఖాదర్ అక్కడ మిషన్ ఆపరేటరు. సాయంత్రం పూట అతను దొంగచాటుగా యంత్రం ఆపేయడం ఆమె స్వయంగా చూసింది. రోడ్డు మీద కొత్తగా మరో పాల కేంద్రం తెరిచారు, వాళ్లు అతన్ని కొనేశారని ఆమె నమ్మకం. స్టేషనులో ఫిర్యాదు ఇవ్వడానికి సిద్ధమైంది.

యంత్రం ఎందుకు ఆపావని ఖాదర్‌ని అడిగాను. నా ముఖం చూడకుండా, తానేమీ ఆపలేదన్నాడు. అబద్ధమని తెలుస్తూనే ఉంది. నాకూ అనుమానం బలపడింది.

సుత్తి దెబ్బ ఆనవాళ్ల కోసం పంపు విప్పాను. పైన రంగు ఎక్కడా పెచ్చు లేవలేదు. ఇనుము లోపలి నుంచి బయటికి విచ్చుకుంది. లోపలున్న నీళ్లు గడ్డకట్టి ఉబ్బితేనే అట్లా చీలుతుంది. అంత ఎండలో మంచా అని నాకే నమ్మబుద్ధి కాలేదు.

అప్పుడు థర్మోస్టాట్ వెతికాను. చల్లదనం చాలినంత రాగానే కంప్రెసర్‌ను ఆపే పరికరం అది. పాతది చెడిపోతే, ఎవరో గదుల్లో వాడే రకం తెచ్చి రేకుల గోడకు బిగించారు. అది చూసేది గాలి వేడిని, నీటి చలిని కాదు. మే నెలలో ఆ షెడ్డు ఎప్పటికి చల్లబడేను? కంప్రెసర్ ఆగేదే కాదు. పాలు చల్లబడ్డాక కూడా నడిచి నడిచి నీటిని గడ్డకట్టించేది. తర్వాత కరెంటు పోతే మంచు కరిగిపోయి పగులు ఒక్కటే మిగిలేది.

ఖాదర్‌ని మళ్లీ పిలిచి, పైపు మీద మంచు ఎప్పుడైనా చూశావా అని అడిగాను.

"చూసినానన్నా. పంపు మూలుగుతా ఉండేది. కాసేపు ఆపి, మళ్లా ఏసేవాణ్ణి. చెప్తే పాలు చెడగొట్టేదానికే ఆపుతున్నావంటారని భయపడినా."

అతను సెలవులో ఉంటే ఆపేవాళ్లు లేరు. అందుకే ఆ రెండుసార్లూ పగిలింది.

పక్కనే నిలబడి అంతా విన్న రమణమ్మ, ముందే ఒక్క మాట చెప్పొచ్చు గదా అంది.

"చెప్తే నమ్మేవాళ్లా అమ్మా?" అన్నాడు ఖాదర్.

ఇక స్టేషనుకు పోనంది ఆమె.

గాలిని చూసే రకం కాకుండా, పైపును తాకి చలిని పసిగట్టే చిన్న లోహపు బల్బు ఉన్న థర్మోస్టాట్ తెచ్చాను. చిల్లర్ నుంచి చల్లనీళ్లు బయటికొచ్చే పైపుకే ఆ బల్బును కట్టి, బయటి వేడి తగలకుండా మీద స్పాంజి చుట్టాను. నీళ్లు గడ్డకట్టే లోపే కంప్రెసర్ ఆగేట్టు సెట్ చేశాను. కొత్త పంపు బిగించేదాకా ఖాదర్ నాతోనే ఉన్నాడు. నెల తిరక్కుండానే కురిచేడులో వేరే పని చూసుకుని వెళ్లిపోయినట్టు తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఏ షెడ్డుకు వెళ్లినా ముందు థర్మోస్టాట్ దేన్ని తాకుతోందో చూస్తాను. యంత్రం దగ్గర ఉండే మనిషితో యజమాని లేనప్పుడు మాట్లాడతాను. రమణమ్మ పంపు మళ్లీ పగల్లేదు. ఖాదర్ మాత్రం తిరిగి రాలేదు.