విప్పి చూసిన నక్షత్రం

నా చిన్నప్పుడు మా రెంటచింతలలో క్రిస్మస్ వచ్చిందంటే వీధికో కాగితపు నక్షత్రం వెలిగేది. అన్నీ పళ్ళెంలా చదునుగా ఉండేవి. ఆ ఏడు మాత్రం మా నక్షత్రానికి అన్ని వైపులా కొమ్ములు పొడుచుకొస్తాయని పక్క వీధి పిల్లలతో పందెం వేశాను. మధ్యలో చతురస్రపు పెట్టె, దాని ప్రతి ముఖానికీ మొనదేలిన ఒక గోపురం, అదీ నా ఆలోచన.

పండగ ముందురోజు మధ్యాహ్నానికి నాకు మిగిలింది మైదా జిగురు, నలిగిన కాగితాలు, ఏడుపు మొహం. త్రికోణాలు విడివిడిగా కత్తిరించి అతికిస్తుంటే, ఒకటి నిలబెట్టేలోపు ఇంకొకటి పడిపోయేది.

నరసరావుపేటలో టీచర్ ట్రైనింగ్ చదివే పక్కింటి అక్క అప్పుడు సెలవులకు వచ్చి ఉంది. గోడ మీదుగా నా అవస్థ చూసి మా వాకిట్లోకి వచ్చింది. అతికించి పెడుతుందనుకుంటే, ఖాళీ సబ్బుపెట్టె నా చేతిలో పెట్టింది.

"చింపమాక. అతుకులు ఊడదీసి నేలమీద పరువు."

పరిచాను. పెట్టె మాయమై ఒకే ఒక్క అట్టముక్క మిగిలింది! మళ్ళీ మడిస్తే పెట్టె లేచింది.

"ఇప్పుడు కళ్ళు మూసుకో. నీ గోపురాన్ని ఇట్టాగే విప్పితే ఏమొస్తదో చెప్పు."

మూసుకున్నాను. మధ్యలో చతురస్రం, నాలుగు పక్కలా నాలుగు త్రికోణాలు, పువ్వు రేకులు విచ్చినట్టు! కేక పెట్టి, గబగబా గీసి, కత్తిరించి మడిచాను. నాలుగు మొనలూ మధ్యలో కలిశాయి గానీ గోపురం లేవలేదు. మూసిన కవరులా చదునుగా పడుకుంది.

అక్క పడీ పడీ నవ్వింది. "ఏందే, నీ గోపురం నిద్రపోయిందా?"

కారణం చెప్పమని బతిమాలాను.

"నన్నెందుకు అడుగుతావు? దాన్నే అడుగు."

చాలాసేపు తేరిపార చూశాను. రేకులు సరిగ్గా నడిమధ్య దాకానే చాలుతున్నాయి. ఇక పైకి లేవడానికి వాటికి పొడవేదీ? త్రికోణాలను పొడుగ్గా గీశాను. ఈసారి మొనలు గాల్లో కలిశాయి. ఇంకా పొడుగు చేస్తే గోపురం ఇంకా ఎత్తుగా లేచింది. వాకిలంతా గంతులేశాను.

పొద్దుగూకేసరికి కొమ్ముల నక్షత్రంలో బల్బు వెలిగింది. పందెం వేసిన పిల్లలే అందరికంటే ముందొచ్చారు. "ఎట్టా చేశావే?" అని అడిగారు. సబ్బుపెట్టె తెచ్చి వాళ్ళ ముందు విప్పడం మొదలుపెట్టాను.

పై తరగతిలో ఘనం, పిరమిడ్‌లను విప్పి పరిస్తే వచ్చే వల రూపాలు పాఠంగా వచ్చినప్పుడు, పుస్తకంలోని బొమ్మలు నా కళ్ళ ముందే మడుచుకుని లేచి నిలబడ్డాయి. కానీ లేవకుండా పడుకున్న ఆ మొదటి గోపురమంటేనే నాకు మరీ ఇష్టం. ఇన్నేళ్ళొచ్చినా, ఏ పనైనా కుదరకపోతే ముందు విసుక్కోను. ఎందుకు కుదరలేదో చూద్దామని దగ్గరికి జరిగి కూర్చుంటాను. అప్పుడు పుట్టే ఉత్సాహానికి మాత్రం ఇప్పటికీ వయసు రాలేదు.