ఊరందరి సిగ్గు

మా మావయ్యకి సిగ్గెక్కువ. తనది కాదు, ఎదుటివాళ్లది. తప్పు చేసినవాడు దర్జాగా తిరుగుతుంటే, చూసిన పాపానికి ఈయన ముఖం కందిపోతుంది. జేబులోంచి చేతిరుమాలు తీసి అడ్డం పెట్టుకుంటాడు. ఓసారి బస్సులో ఎవడో టికెట్ లేకుండా దొరికిపోతే, మావయ్య సిగ్గుతో దిగిపోయి ఇంటికి నడిచొచ్చాడు. ఆ టికెట్ లేనివాడు మావయ్య సీట్లోనే కూర్చుని వెళ్లాడు.

"ఊళ్లోవాళ్ల సిగ్గంతా మీరే పడితే వాళ్లకేం మిగులుతుందండీ?" అనేది అత్తయ్య.

"ఎవరో ఒకరు పడాలి కదే," అనేవాడు రుమాలు వెనకనుంచి.

సైన్‌బోర్డులు రాయడం ఆయన వృత్తి. ఆయన బోర్డుల కింద ఎన్నో వ్యాపారాలు మునిగాయిగానీ ఒక్క అక్షరం వెలిసిపోలేదు.

ఊరి చివర రాళ్లగుట్టలంటే ఆయనకి ప్రాణం. ఏనుగంత బండ మీద ఇల్లంత బండ, దాని కొసన మరొకటి, తుమ్మితే దొర్లుతుందేమో అన్నట్టుంటాయి. వాటి మీద ప్రేమికులు పేర్లు రాసుకుంటే మావయ్యకి రెండు సిగ్గులు: రాసినందుకొకటి, అక్షరాలు వంకర పోయినందుకొకటి.

ఆ గుట్టల్ని కంకర క్వారీకి ఇచ్చేస్తారన్న వార్త రాగానే పరిరక్షణ సంఘం ఒకటి పుట్టింది. రిటైరైన ప్రిన్సిపాల్ గారు అధ్యక్షులు. ఆయన "ప్రకృతి మాత" అన్నప్పుడల్లా సభలో జనం గడియారాలు చూసుకునేవాళ్లు. పార్కా, క్వారీయా తేల్చడానికి ఒక అధికారిణి వస్తున్నారని కబురొచ్చింది. రాళ్లు పాడుకాకుండా ఉంటేనే పార్కు. సంఘంవాళ్లు పాత రాతలన్నీ గీకేశారు. మర్నాడు ఆవిడ వస్తారనగా ప్రిన్సిపాల్ గారు మావయ్యని పిలిపించారు. నేనూ వెంట వెళ్లాను.

"చూడవయ్యా, అన్నిటికన్నా పెద్ద బండ మీద, రోడ్డుకి కనపడేలా రాయాలి. 'రాళ్లపై రాతలు నిషేధం.' కింద సంఘం పేరు. దాని కింద నా పేరు. అది కాస్త పెద్దగా."

మావయ్య చెయ్యి జేబులోకి పోయింది. రుమాలు వచ్చింది.

"జలుబా?"

"అవును సార్."

బయటికి రాగానే నిలదీశాను. "ఇది బుద్ధితక్కువ పనని చెప్పొచ్చు కదా మావయ్యా?"

"అంత చదువుకున్నాయన్ని మొహం మీద ఎలా అంటాంరా? చిన్నబోతాడు."

"గుట్టలు పోయినా పర్లేదా? నీ అంత పిరికివాణ్ని నేను చూళ్లేదు."

ఆ మాటకి నా తరఫున కూడా ఆయనే సిగ్గుపడి రుమాలు సర్దుకున్నాడు.

సాయంత్రానికల్లా రాసేశాడు. ప్రిన్సిపాల్ గారు తన పేరుని దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసుకుని మురిసిపోయారు.

మర్నాడు అధికారిణి వచ్చేసరికి బండ బోసిగా నీళ్లోడుతోంది.

"నా పేరేదయ్యా?" ఆవిడ బండ వెనక్కి వెళ్లగానే ప్రిన్సిపాల్ గారు పళ్లు కొరికారు.

మావయ్య సంఘంవాళ్లందరి ముందూ తల దించుకున్నాడు. "నాసిరకం రంగు సార్. మంచుకే కారిపోయింది. సిగ్గుగా ఉంది."

సభ్యులు పకపకా నవ్వారు. హోటల్‌కి కొత్త బోర్డు రాయమన్నాయన, ఇక వద్దులే అని అక్కడికక్కడే చెప్పేశాడు. మావయ్య తల ఊపాడు.

అధికారిణి బండ చుట్టూ తిరిగొచ్చారు. "ఎక్కడికెళ్లినా కాపాడేవాళ్ల పేర్లే ముందు రాళ్లకెక్కుతాయండీ. మీరా పని చేయలేదు. పార్కుకే సిఫార్సు చేస్తున్నాను."

ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు. "మొదట్నించీ నా సిద్ధాంతం అదేనమ్మా."

ఇంటికెళితే అత్తయ్య తడి చొక్కా పిండుతోంది. "సుద్దనీళ్లతో రాయడమేమిటో, తెల్లారగానే బకెట్లు మోసుకెళ్లి కడగడమేమిటో! పెయింటు డబ్బా మూతైనా తియ్యలేదు. ఇప్పుడు నడుం పట్టేసిందట."

నేను ఆ చొక్కా రెండో కొస పట్టుకున్నాను.

పార్కు ప్రారంభోత్సవంలో ప్రిన్సిపాల్ గారు మైకు పట్టుకున్నారు. బండ మీద పేర్లు రాయమని ఎందరు ఒత్తిడి చేసినా తాను ససేమిరా అన్నానని చెప్పారు. నా పక్కనున్న మావయ్య రుమాల్లోకి వెళ్లిపోయాడు. ఆయన్ని పిరికివాడన్న నా నోటిని దాచుకోవడానికి నాకూ ఏదైనా అడ్డం కావాలనిపించింది.

"ఆ రుమాలు ఒకసారి ఇస్తావా మావయ్యా?"

"కాస్త ఆగరా," అన్నాడు లోపల్నించి. "ఆయనింకా ముగించలేదు."