తార్నాక బస్సులో డబుల్ బేస్

తార్నాకలో బస్సెక్కాను. నా వెనకాలే అరవై దాటిన ఒకాయన, తనకంటే పొడవైన వాయిద్యాన్ని కౌగిలించుకుని ఎక్కాడు.

"ఏంది సార్ గిది, బీరువానా?" అంది కండక్టరమ్మ.

"డబుల్ బేస్ అమ్మా. జాజ్ వాయిస్త," అని నవ్వి, నా పక్కన నిలబడ్డాడు.

వారాసిగూడలో పెళ్లి బ్యాండుతో మొదలుపెట్టి, బొంబాయి హోటళ్లలో, ఓడల మీద ముప్పై ఏళ్లు వాయించాడట. రెండేళ్ల క్రితం చెయ్యి విరిగింది. మళ్లీ జనం ముందు వాయించడం ఇవాళే, యూనివర్సిటీ ఆడిటోరియంలో.

"వేళ్లు నా మాట వింటయో లేదో, భయమైతున్నది బిడ్డా."

"ఇక్కడే చూసుకోండి సార్," అన్నాను.

ట్రాఫిక్‌లో బస్సు ఆగింది. ఆయన కవరు జిప్పు తీసి లావుపాటి తీగను మీటాడు. ఆ మోత చెవికంటే ముందు నా అరికాళ్లకు తగిలింది. మెల్లగా మొదలైన వరస కాసేపటికి పరుగందుకుంది. కండక్టరమ్మ టికెట్ మిషన్ మీద వేళ్లతో తాళం వేసింది. వెనక సీట్లవాళ్లు చూడ్డానికి లేచి నిలబడ్డారు.

"వస్తున్నది! వస్తున్నది బిడ్డా!" అని ఆయన కేకేశాడు.

ఆడిటోరియం దగ్గర ఆయన దిగుతుంటే, బేస్ అడుగు పట్టుకుని నేనూ దిగాను. లోపలికి వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను.

నేను వెళ్లాల్సింది అంబర్‌పేటకి. ఆ సంగతి కచేరీ అయిపోయాక గుర్తొచ్చింది.