దొర తొట్టిలో నా బిడ్డ బాప్తిస్మం

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, గిద్దలూరు దగ్గర మా అత్తగారి ఊళ్ళో నా మూడో బిడ్డకు బాప్తిస్మం. మొదటి ఇద్దరూ బాప్తిస్మం కాకుండానే మట్టిలో కలిసిపోయారు. ఈ పిల్లకైనా నెల తిరక్కముందే చేయించాలని పట్టుబట్టాను.

మా గుడి ఒకప్పుడు ఒక ఇంగ్లీషు దొర తన ఇంటివాళ్ళ కోసం కట్టుకున్నది. అందులో బాప్తిస్మం ఇచ్చే రాతి తొట్టి వాళ్ళ దేశంలో, వాళ్ళ తాతలనాటి గుడిలో ఉండేదట. ఓడలో తెప్పించాడు. అంచు చుట్టూ ద్రాక్షతీగ చెక్కి ఉంటుంది. దొరలు పోయారు, తొట్టి మాకు మిగిలింది. ఆ వారం గుడికి సున్నం కొడుతున్నారని దాన్ని పీఠం మీద నుంచి దించి గుడి వసారాలో పెట్టారు.

ఆదివారం పొద్దున మళ్ళీ ఎత్తిపెట్టి నీళ్ళు నింపారు. పాదిరి అయ్యగారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని ప్రార్థన చదివి, నెత్తిన నీళ్ళు పోశారు. అవి కళ్ళలోకి జారాయి. అంతే! పిల్ల కెవ్వుమంది. మొహమంతా కందిపోయింది. ఏడ్చి ఏడ్చి ఊపిరి తిరగడం లేదు.

"సైతాను పోతాండాడులే, ఏడవనీ," అంది మా అత్త.

నీళ్ళు కళ్ళలో పడ్డాకే ఈ ఏడుపు మొదలైందని నాకు తట్టింది. ఆ నీళ్ళలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. కారం! ఓరి దేవుడా, మిరప్పొడి కారం!

"ఆపండయ్యా!" అని అరిచి, పిల్లను లాక్కుని బావి దగ్గరికి పరుగెత్తాను. గుడి గుడంతా నా వెనకే వచ్చింది. బొక్కెన మీద బొక్కెన తోడించి కళ్ళు కడిగాను. గుడ్డిదైపోతుందేమోనని భయం. చాలాసేపటికి రెప్పలు విప్పి నా వైపు చూసింది. అప్పుడొచ్చింది నాకు కోపం. నా నోరు మంచిది కాదని ఊరందరికీ తెలుసు.

"ఏ ముండ దంచింది తొట్టిలో కారం? దాని చేతులు పడిపోను!"

జనంలోంచి మా అమ్మ ముందుకొచ్చింది. మనవరాలి విందు కోసం రెండు రోజుల ముందే హనుమంతునిపాడు నుంచి వచ్చి, గుడి ఆవరణలో వంటంతా నెత్తినేసుకున్న మనిషి.

"నేనే తల్లీ. మా ఊరి గుడిలో ఇట్టాంటిది లేదు, వసారాలో ఉంటే రోలనుకుంటి. ఇంత నున్నటి రోలు మనకేడిదని ముచ్చటపడితి. దంచినాక మూడుసార్లు కడిగితి గూడా."

రెండు చేతులూ నా ముందు చాపింది. మిరపకాయల మంటకు అవి ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"పడిపోతే పోనీలే అమ్మా. బిడ్డ చూస్తాండాది గదా," అంది.