కలెక్టరు పిలిచిన రోజు

నా చిన్నప్పుడు మా తాతయ్య ఏడడుగుల మనిషి. ఆయన తుమ్మితే మార్టూరులో కాకులు లేచేవి. ఇన్నాళ్ళూ ఈ కథను ఇలాగే మొదలుపెట్టేవాణ్ణి, మా మనవళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు కాస్త ఎదిగి, "ఏడడుగులైతే గుమ్మంలోంచి ఎలా వచ్చేవాడు?" అని నిలదీస్తున్నారు. అందుకని కాగితం మీదైనా నిజం రాద్దామని కూర్చున్నాను. మా తాతయ్య ఐదున్నర అడుగుల మనిషి. తల వంచకుండానే గుమ్మంలోంచి వచ్చేవాడు. తుమ్ము మాత్రం గట్టిదే.

మాది చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్య నల్లరేగడిలో ఒక పల్లె. మిరపకాయలు కోతకొచ్చాయంటే ఊరంతా ఘాటే. కల్లంలో కాయలు ఆరబోస్తే దూరం నుంచి చూసేవాళ్ళకి నేల మీద ఎర్రదుప్పటి పరిచినట్టుండేది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరేవాళ్ళు. నేను వాళ్ళ మధ్య తిరుగుతూ కోతలు కోసేవాణ్ణి. పంట కోతలు కాదు, నోటి కోతలు.

నా కోతలకు సాక్షిగా నాకొక పొట్టేలుండేది. పుట్టగానే తల్లి చచ్చిపోతే, గుడ్డపీలికను ఆవుపాలలో ముంచి చీకించి నేనే దాన్ని బతికించాను. అది పెరిగి దూడంత అయింది. (అబద్ధం. పొట్టేలు పొట్టేలంతే అయింది.) నేనెటు పోతే అటు నా వెనకే వచ్చేది. బడికి వెళితే బడి అరుగు దాకా వచ్చి, నేను బయటికొచ్చేదాకా అక్కడే గడ్డి వెతుక్కునేది. దాని నడకలో దర్జా చూసి కలెక్టరని పేరు పెట్టాను. "చూసుకోండి, జిల్లా కలెక్టరే నా వెనకాల నడుస్తున్నాడు" అని ఊళ్ళో అందరికీ చెప్పేవాణ్ణి. ఆ ఊళ్ళో నన్ను నమ్మి నా వెనక నడిచిన ప్రాణి అదొక్కటే.

ఆ ఏడు మా చిన్నత్తకి పెళ్ళైంది. కొత్త అల్లుడు మొదటిసారి మా ఇంటికి వస్తున్నాడని కబురొచ్చింది. అల్లుడికి వేటమాంసం పెట్టకపోతే మర్యాద కాదు. ఇంట్లో ఉన్న వేట ఒక్కటే, కలెక్టరు. నేను ఏడ్చి, అన్నం మానేసి, పొట్టేలు మెడ పట్టుకుని కూర్చున్నాను. మర్నాడు కల్లంలో, ఆడవాళ్ళందరూ వింటుండగా, నేను ఎప్పటిలాగే ఏదో కోత కోస్తుంటే మా తాతయ్య పక్కన నిలబడి విన్నాడు. ఆ రోజు నా కోత ఏమిటంటే, ఈ నేల మీద ఏ దారైనా నేను కళ్ళు మూసుకుని చెప్పగలనని.

"చెబుతావా?" అన్నాడు మా తాతయ్య.

"చెబుతాను."

"చెప్పలేకపోతే?"

నేను వెనకా ముందూ చూడకుండా, "నీ ఇష్టం తాతయ్యా" అన్నాను.

ఆయనకి కావలసింది ఆ ఒక్క మాటే. "అయితే విను. నిన్ను బండెక్కించి తిప్పుతాను. ఎక్కడున్నామో సరిగ్గా చెప్పావా, కలెక్టరు నీది. ముసలిదై చచ్చేదాకా దాని జోలికి ఎవడూ రాడు. తప్పావా, ఎల్లుండి కూర" అన్నాడు. కాయలు ఏరుతున్న ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఈ పందెం గెలవడం ఎంతపని అనుకున్నాను.

తన తలగుడ్డ విప్పి నా కళ్ళకు కట్టాడు. కల్లంలో పొద్దుటినుంచీ తిరిగిన తలగుడ్డ అది. మిరపకోరు అందులో ఎంతుందో ముడి బిగించాక తెలిసింది. కళ్ళు భగ్గుమన్నాయి. ముక్కు కారింది. "మంటగా ఉందా? విప్పమంటావా?" అన్నాడు. విప్పితే ఓడినట్టే కదా. వద్దన్నాను.

బండి కదిలింది. కాసేపటికి చక్రం ఎత్తెక్కి దిగింది. "ఏరా, ఎక్కడున్నాం?" "కాలవ వంతెన ఎక్కి దిగాం తాతయ్యా." "ఓహో." ఇంకాసేపటికి చక్రాల కింద నీళ్ళ చప్పుడు. "వాగులో దిగాం." "ఓహో." బండి మళ్ళీ మెత్తని నేల మీదికొచ్చింది. మిరపఘాటు తగులుతూనే ఉంది, కానీ మా తాలూకాలో మిరపఘాటు లేని చోటేది? అదీ కాక ఘాటంతా నా కళ్ళమీదే ఉంది.

ఒకటి మాత్రం నాకు మహా సంతోషంగా ఉంది. కలెక్టరు అరుపు వినిపిస్తోంది. కాసేపు వినిపించేది, కాసేపు దూరమయ్యేది, మళ్ళీ దగ్గరికొచ్చేది. నన్ను వదిలి ఉండలేక బండి వెంటే పరిగెత్తుకొస్తోంది, మధ్యలో గడ్డి కోసం ఆగి వెనకబడుతోంది, మళ్ళీ అందుకుంటోంది అనుకున్నాను. "రారా కలెక్టరూ, వచ్చెయ్!" అని బండి మీంచి కేకేశాను. అది ఇంకా గట్టిగా అరిచింది. నా వెనక ఎవరో కిసుక్కున నవ్వాపుకున్నట్టు కూడా వినిపించింది. చక్రం చప్పుడనుకున్నాను.

చివరికి బండి ఆగింది. ఆగాక కూడా నా తల మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. "ఆఖరిసారి చెప్పు. ఎక్కడున్నాం?" గుండెలనిండా గాలి పీల్చుకుని, "పేట రోడ్డు మీద, పత్తి జిన్నింగు మిల్లు దగ్గర" అన్నాను.

తలగుడ్డ విప్పాడు. నీళ్ళు కారే కళ్ళకి మొదట ఎరుపు కనిపించింది. ఆ ఎరుపు మా మిరపకాయలు. మేం కల్లంలోనే ఉన్నాం. బండి కల్లం చుట్టూ గుండ్రంగా తిరిగింది, అంతే. మా పాలేరు చేతిలో బండరాయి ఉంది. అదే నా వంతెన. ఒకావిడ పక్కన ఖాళీ బిందె. అదే నా వాగు. కొంగులు నోట్లో కుక్కుకున్న ఆడవాళ్ళు ఇక ఆపుకోలేక ఒక్కసారిగా నవ్వారు. "మిల్లు దగ్గర దిగుతావా నాయనా, టిక్కెట్టు చూపించు!" అని ఒకావిడ. ఎదురుగా, కల్లం అంచున గుంజకి కట్టేసిన కలెక్టరు. నా వైపు రావాలని లాగీ లాగీ మెడతాడు బిగుసుకుపోయి ఉంది. బండి తన పక్కనుంచి వెళ్ళిన ప్రతిసారీ అది అరిచిందన్నమాట.

పక్కింటి అక్క ఒక్కతే నవ్వలేదు. "పిల్లోడు పాపం, ఈసారికి వదిలేయండి తాతగారూ" అంది. మా తాతయ్య ఆమె వైపు చూడలేదు. తలగుడ్డ దులిపి మళ్ళీ తలకి చుట్టుకుంటూ నాతో ఒకే మాటన్నాడు. "అది నిన్ను పిలుస్తూనే ఉందిరా. నువ్వు నీ వెంట వస్తోందనుకున్నావు."

అన్న మాట ప్రకారమే చేశాడు. మూడోనాటికి కలెక్టరు కూరైంది.

ఆ తర్వాత నేను వారం రోజులు పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టలేదని మా ఇంట్లో అందరికీ చెబుతూ వచ్చాను. మా ఆవిడ అది విని పెళ్ళైన కొత్తలో కంటతడి పెట్టుకుంది కూడా. నిజం ఇది. నేను తిన్నాను. అల్లుడి పక్కన పీట వేస్తే కూర్చుని తిన్నాను. వాసన తగిలేసరికి ఆకలి ఆగలేదు. మూలుగున్న ఎముక కావాలని అడిగి మరీ వేయించుకున్నాను. మా తాతయ్య తన విస్తట్లో ఎముకను నా విస్తట్లో వేశాడు. ఆయన ముఖం అప్పుడెలా ఉందో చూడలేదు. ఎముక చూసుకుంటున్నాను.

పెద్దయ్యాక ఎయిర్ ఫోర్సులో చేరాను. యుద్ధ విమానాలు నడిపానని, శత్రువులు నా పేరు వింటే వణికేవాళ్ళని మనవళ్ళకి చెప్పాను. నేను నడిపింది సామాన్లు మోసే విమానం. కొండల మీది సైనికులకి బంగాళాదుంపలు, కిరసనాయిలు, బతికున్న మేకలు చేరవేసేవాళ్ళం. ఒకసారి దట్టమైన మబ్బులో ఇరుక్కున్నాం. అద్దం బయట అంతా తెలుపు. విమానం తిన్నగా పోతోందని నా ఒళ్ళు చెబుతోంది. వాలు చూపించే పరికరం మాత్రం ఒక పక్కకి ఒరిగి తిరుగుతున్నామని చూపిస్తోంది. పక్క సీటులో ఉన్నతను, "సార్, ఇది చెడిపోయినట్టుంది" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. సరిగ్గా అప్పుడు వెనక మేకలు అరిచాయి, నాకు కలెక్టరు గుర్తొచ్చాడు, పరికరం చెప్పినట్టు విమానాన్ని సరిచేశాను, బతికాం. ఈ ఘట్టం చెబితే ఎక్కడైనా చప్పట్లు పడేవి. ఆ రోజు విమానంలో మేకలు లేవు. బంగాళాదుంపలున్నాయి. కానీ కళ్ళలో మిరపమంట లేచిన మాట నిజం. పరికరాన్ని నమ్మిన మాటా నిజం. కొండ మాకు ఎంత దగ్గరగా ఉందో మబ్బులోంచి బయటపడ్డాక చూశాం.

ఆ పాఠం జీవితాంతానికీ సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు. ఉద్యోగ విరమణ చేశాక, తొంభైల చివర్లో, ఒక చిన్న విమానాల కంపెనీలో పెద్ద పదవిచ్చారు. గుండ్రంగా తిరిగే కుర్చీ, చల్లటి గది. కంపెనీ పైకి పోతోందని గదిలో అందరం చెప్పుకునేవాళ్ళం. మెకానిక్కులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి రాజీనామా ఇచ్చి పోతుండేవాళ్ళు. ఒకడు పోతే ఎక్కువ జీతానికి పోయాడన్నాను. ఇంకొకడు పోతే పెళ్ళాం ఊరికి పోయాడన్నాను. ప్రతి అరుపుకీ నా దగ్గర ఒక తియ్యటి కారణం ఉంది. చివరికి కంపెనీ మూతపడింది. సామాను మోసే కుర్రాళ్ళనీ, టిక్కెట్లిచ్చే ఆడపిల్లల్నీ వరసగా నిలబెట్టి ఇక రావద్దని చెప్పే పని నాకే పడింది. ఒక పిల్ల, "మొన్ననేగా సార్ అంతా బాగుందన్నారు?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. దానికంటే కల్లంలో ఆడవాళ్ళ నవ్వే నయం.

తర్వాత పేటలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాం. మొన్న వేసవిలో హైదరాబాదు నుంచి చిన్న మనవడు వచ్చాడు. వాడికి కంప్యూటరులో విమానం నడిపే ఆట పిచ్చి. "నువ్వు నడిపినవన్నీ పాతవి తాతయ్యా, నేను కళ్ళు మూసుకుని దింపేస్తా" అన్నాడు. ఆ మాట వినగానే నా ముసలి ప్రాణం ఎంత సంబరపడిందో చెప్పలేను. కళ్ళకి తువ్వాలు కట్టాను. కారెక్కించి స్నేహితుడి పత్తి మిల్లు ఆవరణకి తీసుకెళ్ళి, పని లేని రోజుల్లో ఖాళీగా పడున్న ఆ స్థలంలో గుండ్రంగా తిప్పసాగాను. పందెం కింద వాడి ఆట సీడీలన్నీ పెట్టించాను. ఓడితే విరిచేస్తానన్నాను. విరిచేవాణ్ణే. అప్పుడు నా ముఖం మా తాతయ్య ముఖంలాగే ఉండి ఉంటుంది.

రెండో చుట్టులోనే వాడు, "ఆగు తాతయ్యా. అదే కుక్క" అన్నాడు. మిల్లు వాచ్‌మన్ కుక్క గేటు దగ్గర గొలుసుతో మొరుగుతోంది.

"మన కారు వెంట పడిందేమోరా" అన్నాను, నా పాత తప్పును వాడి నోటికి అందిస్తూ.

"వెంట పడితే వెనకే మొరగాలిగా? ఇది దగ్గరికొస్తోంది, పోతోంది. అది కదలట్లేదు, మనమే తిరుగుతున్నాం." అని తువ్వాలు వాడే పీకేశాడు.

నాకు గర్వంగానూ ఉంది, ఒళ్ళు మండుతూనూ ఉంది. ఇంటికి వచ్చేదారిలో వాడికి కలెక్టరు సంగతి మొదటిసారి కోతలు లేకుండా చెప్పాను. ఎముక సంగతి కూడా చెప్పాను. వాడు కిటికీలోంచి పత్తి లారీలు చూస్తూ, "మీ తాతయ్య దాన్ని కల్లంలోనే ఎందుకు కట్టేశాడు? నిన్ను ఓడించాలనుకుంటే ఇంటి దగ్గర కట్టేయొచ్చుగా?" అన్నాడు.

కారు పక్కకి తీసి ఆపాను. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నాకు ఒక్కసారీ తట్టలేదు. నేను గెలవాలనే కట్టాడా? నా గర్వం నన్ను ఎంత చెవిటివాణ్ణి చేస్తుందో చూడాలని కట్టాడా? కట్టింది ఆయన కాదేమో, ఎవరో పాలేరు కట్టేస్తే ఆయనకి పట్టలేదేమో. తన విస్తట్లో ఎముక తీసి నాకెందుకు వేశాడు? అడగడానికి ఆయన లేడు. ఆయన నన్ను గెలిపించాలనుకున్నాడని మనవడికి చెబుదామని నోటిదాకా వచ్చింది. అది కూడా ఒక తియ్యటి కారణమే కదా అని ఊరుకున్నాను. "తెలీదురా" అన్నాను.

ఆ రోజునుంచి నేను మోస్తున్నది ఒక్క అలవాటే. పెద్ద గొప్పదేమీ కాదు. ఎవరైనా ఇష్టంగా నా వెనకే వస్తున్నారనిపిస్తే, తిరిగి చూడను. ముందు నేను కదులుతున్నానా, ఉన్నచోటే తిరుగుతున్నానా అని చూసుకుంటాను.